బండ తిరిగి కొట్టదు

(జాతీయ క్రీడా దినోత్సవం నాడు మహబూబ్‌నగర్‌లోని ఒక డిగ్రీ కళాశాలలో రిటైర్డ్ వ్యాయామ ఉపాధ్యాయుడు ఒకరు చేసిన ప్రసంగం. ఆయన మాట్లాడిన తీరులోనే రాసుకున్నది.)

ప్రిన్సిపాల్ మేడమ్‌కు, వేదిక మీదున్న పెద్దలకు, ముందు వరసల కూసున్న లెక్చరర్లకు, వెనక గోడకు ఆనుకొని ఫోన్లు చూస్తున్న తమ్ముళ్లకు నమస్కారం. (నవ్వులు)

నన్ను ‘క్రీడలు – ఆరోగ్యం’ మీద మాట్లాడమన్నరు. పొద్దున గ్రౌండ్‌ల మీ పిల్లగాండ్లను అడిగిన, ఏం చెప్పాల్రా అని. ఒక్కడు కూడ ఆరోగ్యం అనలే. “కేజ్ ఫైట్ల గురించి చెప్పుండ్రి సార్, అన్ని దెబ్బలు తిని కూడ వాళ్లు ఎట్ల నిలబడ్తరు?” అన్నరు. కేజ్ ఫైట్లంటే జాలి లోపల ఇద్దరు గుద్దుడు, తన్నుడు, కుస్తీ అన్నీ కలిపి ఆడే పోటీలు. మేడమ్ ఏమనుకోవద్దు, నేను పిల్లల దిక్కే పోతున్న.

ముందుగాల బలం సంగతి మాట్లాడుకుందాం. మన దిక్కు బలం చూడాలంటే జాతరకు పోవాలె. ఎడ్లు బండ గుంజుతయి, కుస్తీలు పడ్తయి, ఆఖరికి గెలిచినోని చేతికి వెండి కడెం తొడుగుతరు. కొన్ని ఊర్లల్ల గుడి ముంగట నున్నటి రాతి గుండు ఉంటది, దాన్ని ఎత్తినోడు మగోడని ఒక లెక్క. గుండు ఎత్తేటోన్ని చూసేటప్పుడు అందరు చేతుల దిక్కు చూస్తరు. కాళ్లను చూడాలె. ముందు గుండును మట్టిల అటిటు దొర్లిచ్చి దాని పొట్ట యాడుందో చూసుకుంటడు. పాదాలు ఎడంగ పెట్టి, కూసున్నట్టే వంగి, గుండును తొడల మీదికి తెచ్చుకుంటడు. అక్కడ ఒక్క గడియ ఆగుతడు. ఆ ఆగుడే అసలు విద్య. ఊపిరి నిండుగ తీసి పొట్ట బిగబట్టంగనే లోపల ఒత్తిడి పెరిగి వెన్నుపూసకు ఆసరా దొరుకుతది. ఆ ఊపిరి పట్టకుండ లేపినోడు నడుము పట్టుకొని మంచం ఎక్కుతడు. గుండు భుజం మీదికి వచ్చిందాక ఆ ఊపిరి ఇడువడు. మీరు ఈలలు వేసేది భుజం మీదికి వచ్చినంక. వేయాల్సింది తొడల మీద ఆగినప్పుడు.

ఛాతి మీద బండ పెట్టిచ్చుకొని సమ్మెటతోని పగలగొట్టిచ్చుకునేటోళ్లు ఉంటరు. ఆ బండ ఎంత పెద్దగుంటే కింద పండుకున్నోనికి అంత క్షేమం. అంత బరువును సమ్మెట దెబ్బ ఎక్కువ కదిలియ్యలేదు, కదిలిన జరంత ఒత్తిడి ఛాతి అంతట పరుచుకుంటది, మిగిలిన శక్తి రాయి పగులుడుకే ఖర్చయితది. అదే సన్నటి పలక పెట్టి కొట్టమను, పక్కటెముకలు మిగులవు. లారీ గుంజుడు కూడ గట్లనే. సమంగున్న తారు రోడ్డు మీద పది టన్నుల లారీని, టైర్లల్ల గాలి మంచిగుంటే, దొర్లుతున్నంక నడిపియ్యనీకి 100 కిలోల బలం సరిపోతది. మొదట కదిలిచ్చేటప్పుడే ప్రాణం పోతది. ఇది విని ఇంటికి పోయి బండలు పెట్టుకునేరు! బండ ఏం చేయదు, జారిన సమ్మెట చంపుతది.

నేను వాళ్లను తక్కువ చేసి మాట్లాడుత లేను. వీరఘట్టం కోడి రామ్మూర్తి నాయుడుగారు సర్కస్ పెట్టి దేశమంత తిరిగిండు, ఒంటికి చుట్టిన ఇనుప గొలుసును ఊపిరి పీల్చి తెంపేటోడు, ఛాతి మీద ఏనుగును నిలబెట్టుకునేటోడు అని మా తాతలు కథలు కథలుగ చెప్పుకునేది. ఆ సాధన ఊరికె రాదు. కానీ బల ప్రదర్శన ఏదైనా సరే, అందుల ఒక సౌకర్యం ఉంటది. ఎప్పుడు మొదలుపెట్టాలె, ఎప్పుడు ఊపిరి పట్టాలె, ఎప్పుడు కింద పడేయాలె అనేది ఎత్తేటోని ఇష్టం. బండ తిరిగి కొట్టదు. నువ్వు అలిసిపోయే దాక కాచుకొని కూసోదు.

పోలండ్ దేశపోడు ఒకడున్నడు, మారియుష్ పుద్జియానోవ్‌స్కీ. ప్రపంచంల అందరికన్న బలవంతుడు అనే పోటీ ఏటేటా జరుగుతది గద, దాన్ని ఐదుసార్లు గెలిచిండు – 2002, 2003, 2005, 2007, 2008. ఆ పోటీల ఇంకెవ్వరు ఐదుసార్లు గెలవలే. విమానాలు, లారీలు గుంజుడు, రాతి గుండ్లు అరుగుల మీద పెట్టుడు ఆయనకు పని. 2009 ఆఖర్ల ఆయన కేజ్‌ల దిగిండు. మొదటి ఫైట్ నిమిషం లోపలే ముగిచ్చిండు. ఇగ ఆపేటోడు ఎవడని అందరనుకున్నరు. 2010 మే నెలల టిమ్ సిల్వియా ఎదురువడ్డడు. సిల్వియా అప్పటికే యూఎఫ్‌సీ అనే అమెరికా కేజ్ పోటీల హెవీవెయిట్ చాంపియన్‌గ చేసి దిగిపోయినోడు, పొట్ట పెరిగినోడు, చూస్తే పహిల్వాన్ లెక్క కూడ కనవడడు. మొదటి రౌండ్ల పుద్జియానోవ్‌స్కీ ఆయన్ను ఎత్తి కిందేసిండు. వేసినంక ఏం చేయాల్నో తెలువక మీద పడి గట్టిగ పట్టుకొని ఉన్నడు. రెండో రౌండ్‌ల సూడాలె! నోరు తెరిచి ఊపిరికి కొట్టుకుంటుండు, చేతులు లేస్తలేవు. కిందపడ్డడు, నాలుగు దెబ్బలు పడంగనే చేత్తోని నేల తట్టి ఓడిపోయిన అన్నడు. ఆ దెబ్బలు గట్టివి కావు. దమ్ము అయిపోయింది, అంతే.

ఎందుకయ్యింది? మన కండల తక్షణం వాడుకునే ఇంధనం పది సెకన్ల ముచ్చట. గుండు ఎత్తుడు, బస్తా లేపుడు ఆ పది సెకన్లల్ల అయిపోతది. బ్రిటన్ మనిషి ఎడ్డీ హాల్ 2016ల 500 కిలోలు నేల మీదికెల్లి లేపిండు, ముక్కులకెల్లి రక్తం కారింది. ఆ లేపుడు కూడ కొన్ని సెకన్ల పనే. కేజ్‌ల రౌండ్ 5 నిమిషాలు. మామూలు ఫైట్ అయితే మూడు రౌండ్లు, చాంపియన్‌షిప్ అయితే ఐదు, మధ్యల ఒక్కొక్క నిమిషం విరామం. అన్ని కండలకు రక్తం పంపాలంటే గుండె పట్టాలె, ఊపిరితిత్తులు పట్టాలె. కండ ఎంత పెద్దగుంటే అది అడిగే ఆక్సిజన్ అంత ఎక్కువ. మన తాలీంల వస్తాదులు పిల్లగాండ్లతోని వందల బస్కీలు, దండాలు తీయించేది అందుకే. బరువు ఎత్తుడు తర్వాత, ముందు దమ్ము.

పుద్జియానోవ్‌స్కీ గురించి ఇంకో మాట. ఓడి ఇంటికి పోలే. చిన్నపిల్లగాని లెక్క పట్లు నేర్చుకున్నడు, ఒళ్లు తగ్గించుకున్నడు, ఆ తర్వాత ఏండ్ల తరబడి కేజ్‌ల ఆడి మస్తు ఫైట్లు గెలిచిండు. లారీలు గుంజుడు కన్న నాకు అది గొప్పగ కనవడ్తది.

ఇప్పుడు కేజ్ అంటే ఏందో తెలువని పెద్దలకు రెండు ముక్కలు. ఎనిమిది మూలల జాలి, 30 అడుగుల వెడల్పు. అందుల బాక్సింగ్, కుస్తీ, జూడో, తన్నుడు అన్నీ కలిసి ఉంటయి. 1993 నవంబర్ 12న అమెరికాల డెన్వర్ నగరంల యూఎఫ్‌సీ మొదటి పోటీ పెట్టిన్రు. ఎనిమిది మంది, ఒక్కటే రాత్రి, బరువు లెక్క లేదు. మొదటి ఫైట్ల దాదాపు 190 కిలోల సుమో మనిషి టైలా తూలీ మీదికి జెరార్డ్ గొర్డో అనే డచ్చోడు ఎక్కిండు. సుమో మనిషి తూలి కూలబడంగనే ముఖం మీద తన్నిండు. పన్ను ఊడి జనంల పడ్డది. 26 సెకన్లల్ల ఖతం. అసలు సంగతేందంటే, ఆ పంటి ముక్కలు గొర్డో కాలిల దిగబడ్డయి. తీస్తే పుండు పెద్దదై ఆడనియ్యరని, డాక్టర్లు వాటిని అట్లనే ఉంచి కట్టు కట్టిన్రు. విరిగిన చెయ్యి, పండ్లు గుచ్చుకున్న కాలుతోని ఫైనల్ దాక వచ్చిండు. మొండితనానికి నూటికి నూరు మార్కులు. గెలిచింది ఎవరు? రాయిస్ గ్రేసీ అని 80 కిలోల బక్కపలచటి మనిషి. ఆ రాత్రి ముగ్గుర్ని ఓడగొట్టిండు. ఎవ్వన్నీ గుద్ది చంపలే. కిందికి గుంజి ఉడుంపట్టు పట్టి, ఒకరి తర్వాత ఒకరితోని నేల తట్టిచ్చిండు.

అయితే బరువు లెక్క లేకుండ ఆడిచ్చుడు తప్పే. మన కథలల్లనే ఉన్నది చూడుండ్రి. కంసుని కొలువుల చాణూరుడు, ముష్టికుడు అనే మల్లుల మీదికి కృష్ణుడు, బలరాముడు దిగినప్పుడు, మధుర ఆడోళ్లు సభల ఉన్న పెద్దల్ని తిట్టిన్రు – ఈ మల్లులేంది, ఈ పసిపిల్లలేంది, చూస్తూ కూసున్నోళ్లకు పాపం తగులుతదని. అది మాట్లాడింది రాజు కాదు, పెద్దలు కాదు, ఆడోళ్లు! (చప్పట్లు) మన జాతరల కాంటా ఉండదు, అయినా పెద్దమనుషులు ఇద్దర్ని పక్కపక్కన నిలబెట్టి, మెడలు చూసి, భుజాలు చూసి జోడీ కడ్తరు. అమెరికోళ్లకు ఆ బుద్ధి 1997ల వచ్చింది. బరువు తరగతులు పెట్టిన్రు, తల వెనక కొట్టుడు, కింద ఉన్నోని తల మీద తన్నుడు బంద్ చేసిన్రు. గొర్డో తన్నిన ఆ తన్ను ఇయ్యాల తంతే ఫైట్ పోతది.

మన పాలమూరు పేరు చెప్పకుండ బలం గురించి మాట్లాడితే నాకు అన్నం అరగదు. పాలమూరు లేబర్ అంటే దేశమంత తెలుసు. గుంపు మేస్త్రీ వస్తడు, అడ్వాన్స్ ఇస్తడు, మొగుడు పెండ్లాం పిల్లల్ని తీసుకొని పోతరు. ఏ రాష్ట్రంల ఏ డ్యామ్ కాడ చూసినా మనోళ్ల తట్ట, పార, గడ్డపార ఉంటయి. అవతల నల్లగొండ జిల్లాల నాగార్జునసాగర్, 1955 డిసెంబర్‌ల నెహ్రూ పునాది రాయి వేస్తే 1967ల కాల్వలకు నీళ్లొచ్చినయి. అది మనుషులు రాళ్లు మోసి కట్టిన ఆనకట్ట, రాతి కట్టడంల ప్రపంచంల పెద్దది. ఆ మోసుడుకు ఎవరూ కడెం తొడగలే, ఎవరూ వీడియో తీయలే.

ఎందుకు చెప్తున్ననంటే, ఫ్రాన్సిస్ ఎంగన్నూ అని కామెరూన్ దేశపోడు ఉన్నడు. బాతియే అనే ఊరు. చిన్నప్పటికెల్లి ఇసుక క్వారీల పార పట్టిండు, లారీలు నింపిండు. ఎడారులు దాటి, సముద్రం దాటి, జైల్ల పడి, 2013ల పారిస్ చేరి రోడ్ల మీద పండుకున్నడు. 2021 మార్చ్‌ల యూఎఫ్‌సీ హెవీవెయిట్ చాంపియన్ అయ్యిండు. మన దుందుభి వాగుల ఇసుక ఎత్తిన పిల్లగాండ్లు ఈ హాల్ల ఎంతమంది ఉన్నరో నాకు ఎరుకే. కానీ ఇసుక ఎత్తుడుతోనే చాంపియన్ కాలే ఆయన. 2018 జనవరిల అదే బెల్ట్ కోసం స్టీపే మియోచిచ్ మీద దిగి మొదటి రౌండ్ల మొత్తం బలం ఖర్చు పెట్టిండు. తర్వాత నాలుగు రౌండ్లు చేతులు కింద వేసుకొని దెబ్బలు తిన్నడు. పుద్జియానోవ్‌స్కీ కథనే. మూడేండ్లకు తిరిగొచ్చి అదే మనిషిని రెండో రౌండ్ల పడగొట్టిండు, తొందరపడకుండ. 2022 జనవరిల మోకాలి కీలును పట్టుంచే నరాలు, అదే లిగమెంట్లు, తెగి ఉన్నయి, సిరిల్ గాన్ అనే చురుకైనోడు ఎదురుంగ ఉన్నడు. గుద్దుడు సాగదని తెలిసి కుస్తీకి దిగి, కింద పడేసి పడేసి గెలిచిండు. గుద్దుకు పేరు మోసినోడు గుద్దు పక్కన పెట్టిండు చూడు, మొండితనం అంటే నేను దాన్నంట. దెబ్బ తిన్నంక కూడ తల పనిచేసుడు.

ఇప్పుడు మీ ఫోన్ల ముచ్చట. కాలు గట్టిపడాల్నని ముంగాలి ఎముకను సీసాతోని రుద్దుకునే వీడియోలు చూస్తున్నరు. స్తంభానికి తన్నుకుంటున్నరు. వద్దు! ఎముక బతికున్న వస్తువు. మెల్లమెల్లగ బరువు పడితే పడ్డ చోట బలపడ్తది. జూలియస్ వూల్ఫ్ అనే జర్మన్ సర్జన్ 19వ శతాబ్దంలనే ఈ సంగతి చెప్పిండు. కానీ అది నెలలు, ఏండ్ల పని. ఒక్కసారి గట్టిగ కొడితే బలపడదు, పగులు పడ్తది.

ఎంత గట్టిపడ్డా దానికో హద్దు ఉన్నది. ఆండర్సన్ సిల్వా, బ్రెజిల్ మనిషి, కేజ్‌ల అంతటి ఆటగాడు లేడనిపిచ్చుకున్నోడు. 2013 డిసెంబర్‌ల క్రిస్ వైడ్‌మన్ కాలు మీద తన్నిండు. వైడ్‌మన్ మోకాలు లేపి అడ్డం పెట్టిండు. సిల్వా ముంగాలి రెండెముకలూ విరిగి, కాలు కింద పెట్టంగనే మడతపడ్డది. నాకు ఆ వీడియో ఇప్పటికీ సరిగ చూడవశం కాదు. కథ అక్కడితోని అయిపోలే. 2021 ఏప్రిల్‌ల అదే వైడ్‌మన్, యురాయా హాల్ మీద మొదటి తన్ను తన్నిండు. హాల్ కాలు అడ్డం వచ్చింది. వైడ్‌మన్ ముంగాలు అచ్చంగ అట్లనే విరిగింది. 17 సెకన్లల్ల ఫైట్ అయిపోయింది. హాల్ ఒక్క దెబ్బ కొట్టకుండనే గెలిచిండు. మోకాలి చిప్ప కాడ ఎముక లావుగుంటది, ముంగాలి నడుమ సన్నగుంటది. ఎవడు ఎంత మొనగాడైనా సన్నటిది లావుదాన్ని గుద్దితే విరుగుతది.

గట్టిదనం వేరు, తట్టుకునుడు వేరు అనేది మనకు వేరేటోళ్లు చెప్పాల్సిన పని లేదు. మర్రిగూడ, మునుగోడు దిక్కు పోయిండ్రా ఎవరైనా? ఫ్లోరైడ్ నీళ్లు తాగి తాగి వంగిపోయిన పెద్దమనుషులను చూసిండ్రా? లీటరు నీళ్లల్ల ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ప్రమాదం. ఆ ఊర్ల బోర్లల్ల దానికి ఎన్నో రెట్లు ఉండేది. ఫ్లోరైడ్ ఎముకల చేరితే ఎముక దట్టమయితది. ఎక్స్‌రేల తెల్లగ కనవడ్తది, సూసేటోనికి గట్టిగనే అనిపిస్తది. కానీ ఎముకల సాగేగుణం ఉన్న పదార్థం కూడ ఉండాలె. అది చెడితే దట్టమైన ఎముక పెళుసైతది. కీళ్లకు పట్టుండే నరాలు కూడ ఎముక లెక్క బిగుసుకపోతయి, మెడ తిరగదు. పటిక, సున్నం వేసి నీళ్లు బాగుచేసే పద్ధతికి ‘నల్లగొండ టెక్నిక్’ అని మన పక్క జిల్లా పేరే పెట్టిన్రు, అది వేరే దేశాలకు కూడ పోయింది. పేరొచ్చింది గానీ ఆ పేరు ఎందుకొచ్చిందో తలుచుకుంటే సంతోషం అనిపియ్యదు. కృష్ణ నీళ్లు వచ్చినంక పుట్టిన పిల్లల కాళ్లు సక్కగున్నయి, అది చాలు. అందుకే ఎముకను ‘రాయి’ చేసుకుంట అంటే నాకు కోపమొస్తది.

బరువు తగ్గించుకునుడు గురించి ఒక్కమాట చెప్పి ముందుకు పోత. తక్కువ బరువు తరగతిల ఆడనీకి, కాంటా ఎక్కే ముందు నీళ్లు మానేసి, రబ్బరు సూట్లు వేసుకొని చెమటతోని బరువు దింపుకుంటరు. 2015 డిసెంబర్‌ల మనీలాల కేజ్ ఫైట్‌కు వచ్చిన చైనా పిల్లగాడు యాంగ్ జియాన్‌బింగ్, 21 ఏండ్లు, అట్లనే ప్రాణం పోగొట్టుకున్నడు. ఆ తర్వాత ఆ పోటీ నడిపేటోళ్లు నీళ్లు తగ్గించి బరువు దింపుడు బంద్ పెట్టిన్రు. మన పాలమూరు ఎండలల్ల ఆ ప్రయోగం చేసినోన్ని నేను గ్రౌండ్ల కాలు పెట్టనియ్య.

నేల తట్టుడు గురించి చెప్పాలె. మెడ వెనకకెల్లి చెయ్యి వేసి రెండు పక్కల రక్తనాళాలు నొక్కితే ఎనిమిది, పది సెకన్లల్ల మనిషి స్పృహ తప్పుతడు. గొంతు పిసుకుడు కాదది, మెదడుకు రక్తం ఆపుడు. వెంటనే ఇడిస్తే లేస్తడు, ఇడువకపోతే లేవడు. అందుకే పట్టు పడంగనే చేత్తోని రెండుసార్లు తట్టుతరు, అవతలోడు ఆ క్షణమే ఇడువాలె. మన పోరగాండ్లకు తట్టుడంటే నామోషీ. హాస్టల్ రూముల ఆట కోసం మెడలు పట్టుకునుడు నా కండ్ల పడితే తల్లిదండ్రులను పిలిపిస్త, ముందే చెప్తున్న.

గదువ మీద దెబ్బకు ఎందుకు పడ్తరో కూడ వినుండ్రి. గదువ కొసకు తగిలితే తల గిర్రున తిరుగుతది, లోపల మెదడు వెనకబడి మెలిక పడ్తది. మెడ బలంగున్నోని తల తక్కువ తిరుగుతది, అందుకే వాళ్లు మెడకు అంత కసరత్తు చేస్తరు. కానీ మెదడుకు కసరత్తు లేదు, అరచేతి లెక్క కాయ కాసి గట్టిపడదు. దెబ్బలు తిని తిని బాక్సర్లు తూలుతూ నడుస్తున్నరని, మాట తడబడుతున్నదని 1928లనే అమెరికా డాక్టర్ మార్ట్‌లాండ్ రాసిండు. ‘వాడు ఎన్ని దెబ్బలైనా తింటడు’ అని మెచ్చుకుంటున్న మనిషి యాభై ఏండ్లకు ఇంట్లోళ్ల పేర్లు మరిచిపోవచ్చు. అందుకే కోచ్ టవల్ వేసి ఆపితే తిట్టకుండ్రి.

ఇగ ప్రశ్నలు అడుగుండ్రి. ఆ, నువ్వు చెప్పు బిడ్డా.

(ఒక విద్యార్థిని: ఆడపిల్లలు ఆడొచ్చా సార్?)

ఆడుతున్నరు గదా! ఉత్తరప్రదేశ్ అమ్మాయి పూజా తోమర్ 2024 జూన్‌ల యూఎఫ్‌సీల ఫైట్ గెలిచింది. మన దేశంకెల్లి గెలిచిన మొదటి ఆడమనిషి. నువ్వు ముందు కుస్తీ, జూడో నేర్చుకో, కిందపడుడు మంచిగ వస్తే సగం భయం పోతది.

(ఒక విద్యార్థి: కేజ్ ఫైటర్ల చెవులు అట్ల ఉబ్బి ఎందుకుంటయి సార్?)

మన పాత పహిల్వాన్లవి కూడ అట్లనే ఉంటయి. చెవి రాసుకుపోతే మెత్తటి ఎముకకు, దాని మీది పొరకు నడుమ రక్తం చేరుతది. రెండు మూడు రోజులల్ల డాక్టర్ సూదితోని తీసి కట్టు కడితే మామూలుగ అయితది. ఇడిచిపెడితే గడ్డకట్టి పూరీ లెక్క ఉబ్బి అట్లనే ఉండిపోతది. అది గొప్ప గుర్తని కావాల్నని ఇడిచిపెట్టేటోళ్లున్నరు, వాళ్లకు దండం.

(ఇంకొకరు: కోపం ఉండాల్నా సార్?)

నిజామాబాద్ దిక్కు హున్సాల హోలీనాడు తాడుకు అటొక గుంపు, ఇటొక గుంపు నిలబడి పిడిగుద్దులు గుద్దుకుంటరు. అయినంక అలాయ్‌బలాయ్. కేజ్‌ల కూడ గంట కొట్టినంక కౌగిలించుకునుడు చూస్తరు గద. కోపమొచ్చినోడు ఊపిరి మరుస్తడు, మొదటి రౌండ్లనే దమ్ము పోగొట్టుకుంటడు.

(వెనక నుంచి: సార్, ఇంజెక్షన్లు...)

ఎవడ్రా అది? లేచి నిలబడు. పేరు అడుగ, భయపడకు. ఆ ఇంజెక్షన్ కండ పెంచుతది, నిజమే. కండను ఎముకకు కట్టే నరాలు అంత తొందరగ పెరుగవు, అందుకే కండ బలానికి నరం తెగుతది. గుండె గోడ మందమైతది. నీ ఒంట్ల సొంతంగ తయారయ్యే మగ హార్మోను బందయితది, పెండ్లయినంక పిల్లల కోసం దవాఖాన్ల చుట్టు తిరుగుతవు. జిమ్‌ల అమ్మేటోడు డాక్టర్ కాడు, ఆ సీసల ఏమున్నదో వానికి కూడ తెలువదు. నీ దగ్గర ఉంటే రేపు పొద్దున తెచ్చి నాకియ్యి, ఎవ్వరికీ చెప్ప. ఆరింటికి గ్రౌండ్ కాడనే ఉంట. గోర్లు కత్తిరించుకొని రాండ్రి, చేతి కడియాలు, చెవి పోగులు ఇంట్ల పెట్టి రాండ్రి, ముందు వారం మొత్తం కిందపడుడే నేర్పిస్త.